ఎవరి సంఘం, ఎవరి సంతకం

కామాఠీపురా అనగానే చాలామందికి ఎర్రదీపాల వీధులే గుర్తుకొస్తాయి. ఆ పేటకి ఆ పేరు వచ్చింది మాత్రం తెలుగు కూలీల వల్ల. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజాం ఇలాకా నుంచి బొంబాయికి వలసపోయి, విడివిడిగా ఉన్న దీవుల మధ్య నీటిని మట్టితో, రాయితో పూడ్చి ఆ నగరానికి నేల చేసిపెట్టినవాళ్ళని అక్కడివాళ్ళు కామాఠీలు అన్నారు. కామాటి అంటే మన పాత నిఘంటువుల్లోనూ కూలిపని చేసేవాడనే అర్థం. అలా ఒక పేట మొత్తం కష్టజీవి పేరు మీద వెలిసింది. తర్వాత ఆ గల్లీలకి కూతవేటు దూరంలో నూలు మిల్లులు లేచాయి. 1850లలో కావస్జీ దావర్ మొదటి మిల్లు పెట్టిన తాడ్‌దేవ్ ఆ పక్కనే. అక్కణ్ణించి బైకుల్లా, పరేల్, లాల్‌బాగ్, వర్లీ దాకా పొగగొట్టాలు పాకాయి. కరీంనగర్, నల్లగొండ వైపు పల్లెల్లో మగ్గం కూడు పెట్టలేని పద్మశాలీలు రైలెక్కి వచ్చి ఈ మిల్లుల నేతఖాతాల్లో చేరారు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణ పల్లెలు బతుకుతెరువుకి మూడు దారులు లెక్కపెడతాయి. వాటిలో అన్నిటికన్నా పాతది ఈ గిర్ని దారే.

ఈ గిర్ని కార్మికుల చరిత్రని సాధారణంగా సమ్మెల చరిత్రగా చెబుతారు. ఎన్ని రోజులు నడిచింది, ఎంతమంది జైలుకి వెళ్ళారు, పోలీసులు ఎక్కడ కాల్చారు అన్న లెక్కలే అందులో ఎక్కువ. అవి నిజమే, మరిచిపోదగినవీ కావు. కానీ లాఠీ దెబ్బ తగిలిన మనిషి మర్నాడు మళ్ళీ గేటు దగ్గరికి వచ్చిన సందర్భాలు ఈ చరిత్రలో కోకొల్లలు. కార్మికుణ్ణి నిజంగా పడగొట్టింది ఇంకొకటి: నీ తరఫున ఎవరు మాట్లాడాలో నువ్వు చెప్పనక్కర్లేదు, మేమే చెబుతాం అన్న చట్టం. సంఘం పెట్టుకోవడానికి హక్కు ఇచ్చారు. ఆ సంఘాన్ని ఎంచుకునే హక్కు మాత్రం చేతికి రానివ్వలేదు. బొంబాయి మిల్లుల ఉద్యోగాలు పోవడం, మిల్లుల నేల చేతులు మారడం, చాళ్ళలోని సంసారాలు చెదిరిపోవడం, వీటన్నిటిలోనూ ఈ ఒక్క కీలకం కనిపిస్తుంది.

మొదట్లో ఇలా లేదు. 1884 సెప్టెంబరులో పరేల్‌లో మిల్లు కూలీలు సభ పెట్టుకుని, వారానికి ఒకరోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, చేసిన పనికి సకాలంలో జీతం, గాయపడితే పరిహారం కావాలని 5,500 మంది పేర్లతో అర్జీ పెట్టారు. దాన్ని నడిపించిన నారాయణ్ మేఘాజీ లోఖండే జ్యోతిబా ఫూలే శిష్యుడు, దీనబంధు పత్రిక సంపాదకుడు. ఆ రోజుల్లో బొంబాయిలో ఫూలే సత్యశోధక్ సమాజానికి అండగా నిలబడినవాళ్ళలో వ్యంకు బాళాజీ కాళేవార్, జాయా కారాడీ లింగు వంటి తెలుగు కామాఠీ పెద్దలు ఉన్నారు. వీళ్ళు కట్టడాల కాంట్రాక్టర్లు, కూలీలు కారు. ఐనా అక్షరం, ఆత్మగౌరవం అన్న ఫూలే మాటల్లో తమ జాతి కథ వాళ్ళకి వినిపించింది. లోఖండే సంఘానికి సభ్యత్వ పుస్తకం లేదు, చందా లేదు, ఏ చట్టం గుర్తింపూ లేదు. ఉన్నదల్లా ఆ వేలిముద్రలు, సంతకాలు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. ఇప్పుడు మనం అడక్కుండానే వచ్చే ఆదివారం వెనక ఆ పేర్ల జాబితా ఉంది. ఎవరి గొంతు వాళ్ళే విప్పితే పని జరుగుతుందనడానికి ఇంతకన్నా పాత సాక్ష్యం ఈ నగరంలో దొరకదు.

1920లకి వచ్చేసరికి ఆ గొంతు బలపడింది, భయపెట్టింది కూడా. మిల్లుల్లో రెండు సాంచాలు నడిపే నేతగాడికి మూడు అప్పజెప్పడం మొదలుపెట్టారు. వినడానికి చిన్న మార్పు. సాంచాల మధ్య నిలబడి చూస్తే తెలుస్తుంది ఆ తేడా. ఒక సాంచా మీద పోగు తెగితే ఆపి, కొసలు వెతికి, ముడివేసి, మళ్ళీ నడిపేలోపు వెనక సాంచా నాడెలో కండె అయిపోతుంది. అది మార్చేలోపు మూడోదాని మీద పడుగు పోగు పోయి బట్ట మచ్చపడుతుంది. ఆ మచ్చకి జరిమానా నేతగాడిదే. ఇలా ఒకడితో ఒకటిన్నర మంది పని చేయిస్తే మిగిలినవాడు రోడ్డున పడతాడు. 1928 ఏప్రిల్‌లో మొదలైన సమ్మె ఆరు నెలలు సాగింది, దాదాపు లక్షన్నర మంది పని ఆపారు. ఎర్రజెండా గిర్ని కామ్‌గార్ యూనియన్ ఆ సమ్మెలోంచే పుట్టింది. సర్కారు జవాబు మరుసటి ఏడాది మార్చిలో వచ్చింది. 1929 మార్చి 20న డాంగే, మిరాజ్‌కర్, నింబ్‌కర్, జోగ్లేకర్, ఘాటేలతోపాటు దేశవ్యాప్తంగా నాయకుల్ని పట్టుకుని మీరట్ కుట్ర కేసు పెట్టారు. బొంబాయి నేతగాళ్ళ నాయకుల మీద విచారణని ఎక్కడో ఉత్తరాదిన మీరట్‌లో నడపడం వెనక ఉద్దేశం దాచుకున్నది కాదు: అక్కడ జ్యూరీ లేదు, ఇక్కడి కార్మికుల మధ్య వాళ్ళు ఉండరు. ఆ ఏడాదే సమ్మెలకి కళ్ళెం వేసే కార్మిక వివాదాల బిల్లు కేంద్ర శాసనసభలో ఓటుకి వచ్చింది. ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ సభలో బాంబు విసిరింది ఆ బిల్లుకీ ప్రజా భద్రత బిల్లుకీ నిరసనగానే అన్న సంగతి మన పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పవు.

తెల్లవాళ్ళు కాబట్టి అలా చేశారనుకుంటే కథ తేలిగ్గా ముగిసేది. 1938లో బొంబాయి రాష్ట్రంలో అధికారంలో ఉన్నది ఎన్నికై వచ్చిన కాంగ్రెస్ మంత్రివర్గం. అది తెచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టం, రాజీ ప్రయత్నాలు ముగియకుండా సమ్మె చేస్తే నేరమంది. అంబేడ్కర్ శాసనసభలో దీన్ని నిలువునా వ్యతిరేకించారు. పని మానెయ్యడాన్ని నేరం చెయ్యడమంటే మనిషిని బానిసని చెయ్యడమే అన్నది ఆయన వాదన సారాంశం. నవంబరు 7న ఆయన పార్టీ, కమ్యూనిస్టులు కలిసి ఒకరోజు సమ్మె చేయించారు. బిల్లు ఆగలేదు. దాని తర్వాత వచ్చిన 1946 బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టమే నా దృష్టిలో ఈ కథకంతా ఇరుసు. ఆ చట్టం ప్రకారం ఒక ప్రాంతంలో ఒక పరిశ్రమ మొత్తానికి ఒకే ప్రతినిధి సంఘం ఉంటుంది. కార్మికుల్లో పావు వంతు సభ్యత్వం చూపిస్తే ఆ హోదా దక్కుతుంది. ఆ సంఘం పెట్టిన సంతకం మిగతా ముప్పావు వంతునీ కట్టిపడేస్తుంది. గుర్తింపు ఉన్న సంఘానికి మిల్లు ఆవరణలోనే, జీతాలిచ్చే చోటే చందా వసూలు చేసుకునే వీలుంది. మిగతావాళ్ళు గేటు బయట నిలబడాలి. సభ్యత్వం ఎంతో రిజిస్ట్రారు లెక్కగట్టాలే తప్ప కార్మికులు రహస్యంగా ఓటేసి చెప్పే పద్ధతి అందులో లేదు. బట్టల మిల్లుల్లో ఆ హోదా కాంగ్రెస్ అనుబంధ రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కి దక్కింది, దశాబ్దాలపాటు దానికే ఉంది. కేంద్రం స్థాయిలో, మెజారిటీ ఉన్న సంఘాన్ని యజమాని గుర్తించి తీరాలంటూ 1947లో ట్రేడ్ యూనియన్ల చట్టానికి ఒక సవరణ చేశారు. ఆ సవరణని ఎన్నడూ అమల్లోకి తేలేదు.

దీనికి ఒక గట్టి సమర్థన ఉంది, దాన్ని తోసిపుచ్చి లాభం లేదు. ఒక్కో మిల్లులో నాలుగేసి సంఘాలుంటే యజమాని ఎవరితో మాట్లాడాలి? ఒకరితో ఒప్పందం చేసుకుంటే ఇంకొకరు సమ్మెకి దిగరా? ఒకే సంఘం ఉండటం కార్మికుడికీ మంచిదే కదా? నిజమే. చీలిపోయిన సంఘాల వల్ల నష్టపోయింది ఎప్పుడూ కూలివాడే. ఐతే ఒక్కరే మాట్లాడాలన్నది ఒక ప్రశ్న, ఆ ఒక్కరు ఎవరన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి చట్టం జవాబిచ్చింది. రెండోదానికి జవాబు చెప్పే హక్కు ఎవరికి ఉండాలో వాళ్ళకి ఇవ్వలేదు. ఐదేళ్ళకోసారి మంత్రుల్ని మార్చగలిగిన నేతగాడు తన జీతం గురించి మాట్లాడే మనిషిని మార్చలేకపోయాడు. ఒకే సంఘం కావాలనేవాళ్ళు చిత్తశుద్ధితో అంటుంటే బ్యాలెట్ పెట్టెకి ఎందుకు భయపడాలి?

ఆ చట్టం లోపల ఇంకా కింద నిలబడినవాడు బదిలీ కార్మికుడు. పొద్దున షిఫ్టు భోంగా మోగకముందే చేతిలో బదిలీ పాసుతో గేటు దగ్గరుండాలి. పక్కా కార్మికుడెవడైనా ఆ పూట రాకపోతే, మేస్త్రీ అయిన ముకాదం చూపు తన మీద పడితే, ఆ రోజు కూలి. లేదంటే ఖాళీ డబ్బా పట్టుకుని చాల్‌కి తిరుగుముఖం. 1920లలో ప్రభుత్వం కట్టిన వర్లీ బీడీడీ చాళ్ళలో ఒక ఖోలీ విస్తీర్ణం 160 చదరపు అడుగులు. ఇలాంటి ఖోలీల్లో ఒకే ఊరివాళ్ళు పదిమంది కలిసి ఉండేవాళ్ళు. రాత్రి షిఫ్టువాడు లేచివెళ్ళిన చాపలోనే పగటి షిఫ్టువాడు నడుం వాల్చేవాడు. ఏళ్ళ తరబడి బదిలీగానే ఉండిపోయినవాడికి ముకాదంతో పేచీ పెట్టుకునే ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది? ఉద్యోగం ఉందో లేదో తెలియని స్థితి కూడా సంఘాన్ని అణచడానికి పనికొచ్చే సాధనమే. దానికి లాఠీ అక్కర్లేదు.

అరవైల్లో మరో సాధనం తోడైంది. 1966లో పుట్టిన శివసేన మొదటి గురి దక్షిణాదివాళ్ళు. లుంగీ కట్టిన ప్రతివాడూ మద్రాసీయే అన్న ఆ ప్రచారానికి తరాల తరబడి ఆ నగరంలోనే పుట్టిపెరిగిన తెలుగు మిల్లు కార్మికుడికీ, నిన్న ఆఫీసు గుమాస్తాగా దిగినవాడికీ తేడా తెలియలేదు, తెలుసుకోవాలనీ లేదు. రెండో గురి ఎర్రజెండా. 1970 జూన్ 5న పరేల్ కమ్యూనిస్టు ఎమ్మెల్యే కృష్ణా దేశాయ్‌ని లాల్‌బాగ్‌లో పొడిచి చంపారు. ఆ కేసులో శివసేన కార్యకర్తలకి శిక్షలు పడ్డాయి. ఆ ఖాళీకి జరిగిన ఉపఎన్నికలో ఆయన భార్య సరోజినీ దేశాయ్‌ని ఓడించి వామన్‌రావ్ మహాడిక్ శివసేన మొదటి ఎమ్మెల్యే అయ్యారు. ఈ రెండు గురులూ వేర్వేరుగా కనిపిస్తాయి కానీ, ఫలితం ఒక్కటే. ఒకే ఖాతాలో పక్కపక్కన సాంచాలు నడిపే మరాఠీవాడు, తెలుగువాడు, మదన్‌పురా నుంచి వచ్చే ముస్లిం నేతగాడు ఒకరినొకరు ముందు భాషతో, మతంతో గుర్తుపట్టడం అలవాటైతే, సంఘం పేరు తర్వాత గుర్తుకొస్తుంది. తెలుగువాడి మీద దాడిని ప్రాంతీయ ద్వేషం అని మాత్రమే చదవడం అందుకే సరిపోదు.

ఈ నేపథ్యంలో చూస్తే 1982 సమ్మె డబ్బు కోసం జరిగిన సమ్మె మాత్రమే కాదని అర్థమవుతుంది. 1981 దీపావళి బోనస్ విషయంలో గుర్తింపు సంఘం కుదుర్చుకున్న ఒప్పందం నచ్చని మిల్లు కార్మికులు, అప్పటికే ఇతర పరిశ్రమల్లో భారీ జీతాలు సాధించిన డాక్టర్ దత్తా సామంత్ దగ్గరికి వెళ్ళారు. ఆయన వాళ్ళని వెతుక్కుంటూ రాలేదు. 1982 జనవరి 18న దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపినప్పుడు అడిగినవాటిలో జీతం ఉంది, బదిలీలని పక్కా చెయ్యడం ఉంది, 1946 చట్టాన్ని రద్దు చెయ్యడం కూడా ఉంది. చట్టం దృష్టిలో ఈ రెండున్నర లక్షల మందికీ ప్రతినిధి వాళ్ళు వదిలేసి వచ్చిన సంఘమే. సామంత్‌తో మాట్లాడాల్సిన అవసరం లేదని మిల్లు యజమానులు అన్నారు, ప్రభుత్వాలూ అదే అన్నాయి. జీతం పెంచడం కన్నా సామంత్‌ని గుర్తించడమే ఢిల్లీకి పెద్ద సమస్య అయింది. ఒక్క పరిశ్రమలో కార్మికులు తమ నాయకుణ్ణి తామే ఎంచుకున్నారంటే రేపు రేవుల్లో, ఎల్లుండి రైల్వేల్లో అదే అడగరా? దానికి ఆరు నెలల ముందే, 1981 ఆగస్టులో, అమెరికాలో రీగన్ సమ్మె చేసిన 11 వేల మందికి పైగా విమాన నియంత్రణ ఉద్యోగుల్ని ఒక్క దెబ్బతో తీసేసి ప్రపంచ పాలకులకి ఒక దారి చూపించాడు. బొంబాయిలో తీసెయ్యడం కూడా అక్కర్లేకపోయింది, ఎదురుచూస్తే చాలింది.

ఆ ఎదురుచూపుకి యజమానులకి బలం ఇచ్చింది భీవండి. మిల్లులు మూతపడి ఉన్నా మిల్లు ముద్ర ఉన్న బట్ట బజారులో దొరుకుతూనే ఉంది, ఎందుకంటే దాన్ని భీవండి మరమగ్గాల మీద నేయించారు. ఆ మగ్గాల మీద నేసిన చేతుల్లో తెలుగు పద్మశాలీల చేతులూ చాలా ఉన్నాయి. వర్లీ చాల్‌లో అన్న సమ్మెలో ఉంటే, నలభై కిలోమీటర్ల దూరంలో అదే తాలూకా నుంచి వచ్చిన తమ్ముడు అదే మిల్లు బట్టని, సంఘం లేని షెడ్డులో, రోజుకి పన్నెండు గంటలు, మీటరు లెక్కన నేశాడు. తమ్ముణ్ణి ద్రోహి అనడానికి నాకు నోరు రాదు. షెడ్డుకి పదిమందికి తక్కువగా చెదరగొట్టి పెడితే ఫ్యాక్టరీ చట్టం వర్తించని చోట అతను చేరాడు. కొంకణ్ కార్మికులు ఊళ్ళకి వెళ్ళి సొంత వరిమడి మీద కొంతకాలం నెట్టుకొచ్చారు. మగ్గమే తప్ప మడి లేని పద్మశాలీలకి ఆ వీలు కూడా లేకపోయింది. సమ్మెని విరమించినట్టు ఎవరూ ప్రకటించలేదు. మెల్లగా గేట్లు తెరుచుకున్నాయి, లక్ష మందికి పైగా మళ్ళీ లోపలికి పోలేదు.

సామంత్ మొండితనమే మిల్లుల్ని చంపిందన్నది ఈరోజుకీ వినిపించే మాట. ఆయన తప్పు లేదని నేను అనను. రెండున్నర లక్షల కడుపుల్ని దింపినప్పుడు ఏడాది పాటు నడిపే నిధి లేదు, వెనక్కి తగ్గడానికి ఒక మెట్టు కూడా ఉంచుకోలేదు. కానీ మిల్లులు 1982లో హఠాత్తుగా జబ్బుపడలేదు. లాభాల కాలంలో యంత్రాలు మార్చని యాజమాన్యాల మిల్లుల్ని 1974లోనే దేశం మొత్తం మీద 103 జాతీయం చెయ్యాల్సి వచ్చింది. తక్కువ పన్ను, తక్కువ కూలి ఉన్న మరమగ్గాలు సమ్మెకి ముందు నుంచే మిల్లుల బజారుని తినేస్తున్నాయి. సమ్మె తర్వాత 1983 అక్టోబరులో బొంబాయిలో ఇంకో 13 మిల్లుల నిర్వహణని కేంద్రం తీసుకుంది. ఇక సంఘం లేకపోతే పరిశ్రమ కళకళలాడుతుందన్న వాదనకి భీవండి, సిరిసిల్ల షెడ్లే జవాబు. అక్కడ సమ్మెల భయం లేదు, ఐనా సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యల వార్తలు ఈ శతాబ్దం మొదట్లో మనమంతా చదివాం. సంఘం ఉన్నచోట ఏమవుతుందో చూడాలంటే షోలాపూర్ వెళ్ళాలి. అక్కడ తెలుగు పద్మశాలి నర్సయ్య ఆడం, అందరూ పిలిచే ఆడం మాస్టర్, బీడీలు చుట్టే ఆడవాళ్ళ సంఘాన్ని దశాబ్దాలు నడిపి వాళ్ళ పేరు మీద ఇళ్ళు సాధించారు. మొదట పది వేలు, తర్వాత రే నగర్‌లో ముప్పై వేల ఇళ్ళ పథకం. 2024 జనవరిలో అందులో మొదటి పదిహేను వేల ఇళ్ళు ప్రధానమంత్రి చేతుల మీదుగా ఇచ్చారు. ఎర్రజెండా సంఘం అడిగినవాటిని, దానికి పూర్తిగా ఎదుటి పార్టీ ప్రధాని వచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

బొంబాయిలో గొంతు పోయిన తర్వాత నేల పోయింది. నగరం నడిబొడ్డున మిల్లుల కింద సుమారు ఆరు వందల ఎకరాలు ఉండేవి. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమి అమ్మితే దాదాపు మూడో వంతు నగరానికి ఖాళీ స్థలంగా, మూడో వంతు గృహనిర్మాణానికి పోవాలి. 2001లో ఆ పంపకం కట్టడాలు లేని ఖాళీ జాగాకే వర్తిస్తుందని మార్చారు. మిల్లంటేనే షెడ్లు, గోదాములు కాబట్టి పంచడానికి మిగిలింది కొద్దిగానే. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మార్పుని నిలబెట్టింది. 2005లో ఒక్క ముంబై టెక్స్‌టైల్ మిల్లు స్థలం, పదిహేడు ఎకరాలు, 702 కోట్లకి అమ్ముడైంది. పాత కార్మికులకి ఇళ్ళ కోసం లక్షా డెబ్బై వేలకి పైగా దరఖాస్తులొస్తే, ఇచ్చినవి అందులో చిన్న భాగమే. రెండున్నర లక్షల మందికి తాము ఎంచుకున్న ప్రతినిధి ఒకరుండి ఉంటే ఆ 2001 మార్పు అంత నిశ్శబ్దంగా జరిగేదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అంతకు ముందే ఈ మిల్లుల చుట్టూ తుపాకులు కూడా పేలాయి. బైకుల్లాలోని ఖటావ్ మిల్లు యజమాని సునీత్ ఖటావ్‌ని 1994 మేలో నడిరోడ్డు మీద కాల్చి చంపారు. సామంత్‌ని 1997 జనవరి 16న పవయీలో చంపారు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు దేశమంతటా అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఇప్పుడు ఏ సంస్థలో సమ్మె చెయ్యాలన్నా పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది కలిసి ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. మూడు వందల లోపు మంది ఉన్న చోట ఉద్యోగుల్ని తగ్గించడానికి ప్రభుత్వం అనుమతి అక్కర్లేదు, ఇంతకుముందు ఆ గీత వంద దగ్గర ఉండేది. ఉద్యోగాలు పెరగాలంటే ఈ వెసులుబాటు తప్పదని ప్రభుత్వం అంటోంది. ఒక విషయంలో కొత్త చట్టం 1946 బొంబాయి చట్టం కన్నా మెరుగని ఒప్పుకోవాలి: బహుళ సంఘాలున్న చోట సంప్రదింపుల సంఘం కావాలంటే 51 శాతం కార్మికుల మద్దతు ఉండాలి, పావు వంతు చాలదు. ఆ అంకె దాటిన సంఘం లేకపోతే కనీసం 20 శాతం మద్దతు ఉన్న సంఘాల ప్రతినిధులు కలిసిన మండలి మాట్లాడుతుంది. ఐతే ఆ 51 శాతాన్ని లెక్కపెట్టేది ఆ సంస్థ మస్టరు రోల్ మీద ఉన్న పేర్లలోంచి.

ఈ మాట దగ్గరే పాత బదిలీ కార్మికుడు మళ్ళీ గుర్తొస్తాడు. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట ఇప్పుడు మాల్ ఉంది, చుట్టూ ఉన్న మిల్లుల నేల మీద ఆఫీసు మేడలున్నాయి. ఇలాంటి మేడల్లో గచ్చు తుడిచేవాళ్ళు, గేటు దగ్గర నిలబడేవాళ్ళు, సరుకు మోసేవాళ్ళు ఎక్కువగా కాంట్రాక్టు మనుషులు, వాళ్ళ పేర్లుండేది కాంట్రాక్టరు పుస్తకంలో. వాళ్ళ పని గంటలు నిర్ణయించేది మేడలోని కంపెనీ. ఆ కంపెనీ మస్టరులో మాత్రం వాళ్ళ పేర్లు లేవు.